మిథిక్ ప్లస్ డంజన్లలో ట్యాంక్ ప్రమాదాన్ని అదుపులో ఉంచుకునే తీరు: ఒక సమగ్ర మార్గదర్శి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో 2016లో లీజియన్ విస్తరణతో వచ్చిన మిథిక్ ప్లస్ డంజన్‌లోకి ఒక ట్యాంక్ (శత్రువులను తన మీదకు తిప్పుకునేవారు), ఒక హీలర్ (జట్టుకు నయం చేసేవారు), ముగ్గురు డీపీఎస్ (శత్రువులను పడగొట్టే) ఆటగాళ్లు అడుగుపెడతారు. గడువు లోపల బాస్‌లందరినీ (ప్రధాన శత్రువులను) ఓడించాలి, దానితో పాటు దారిలోని సాధారణ శత్రువుల లెక్క నూరు శాతం పూర్తి చేయాలి. ఈ జట్టులో ఎవరితో, ఎక్కడ, ఎప్పుడు, ఎంతమందితో ఒకేసారి తలపడాలో నిర్ణయించేది ట్యాంకే. మిగిలిన నలుగురూ ఆ నిర్ణయం ఫలితాన్ని అనుభవిస్తారు. కాబట్టి ట్యాంక్ పని దెబ్బలు కాయడం అనడం సగం నిజమే. జట్టు మొత్తం మీదకు వచ్చే ప్రమాదాన్ని ఎంచి, విడదీసి, భరించగలిగిన మోతాదులో తీసుకురావడమే అసలు పని.

ప్రొటెక్షన్ వారియర్, ప్రొటెక్షన్ పాలడిన్, గార్డియన్ డ్రూయిడ్, బ్రూమాస్టర్ మాంక్, బ్లడ్ డెత్ నైట్, వెంజెన్స్ డీమన్ హంటర్ అనే ఆరింటిలో ఏదో ఒక దాని మీటలు మీకు చేతికి అలవాటయ్యాయనీ, ఇప్పుడు పెద్ద కీలలో (డంజన్ కష్టాన్ని నిర్ణయించే స్థాయిలను కీలంటారు) నిలదొక్కుకోవాలనుకుంటున్నారనీ భావించి ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా ప్రొటెక్షన్ వారియర్ నుంచి తీసుకున్నాను. అంకెలు ప్యాచ్‌లతో (ఆటకు వచ్చే మార్పులతో) మారుతుంటాయి కనుక ఆటలో కనిపించే వివరణనే ప్రమాణంగా తీసుకోండి. వాటి వెనుక ఉన్న ఆలోచన మాత్రం ఏ ట్యాంక్‌కైనా వర్తిస్తుంది.

మొదటి దశ: ఓటమి ఖరీదును ముందే లెక్కగట్టండి

రెండు గుంపులను కలిపి లాగితే సమయం మిగులుతుందని అందరికీ తెలుసు. ఎంత మిగులుతుంది, పొరపాటైతే ఎంత పోతుంది అనే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసేవారు మాత్రం తక్కువ. మిథిక్ ప్లస్‌లో జట్టు సభ్యుడు మరణించిన ప్రతిసారీ గడువులోంచి 5 సెకన్లు పోతాయి. ది వార్ విథిన్ విస్తరణ రెండో సీజన్ నుంచి 12వ స్థాయి, ఆపై కీలలో ఇది 15 సెకన్లు. అంటే అటువంటి కీలో జట్టంతా ఒకసారి చనిపోతే జరిమానాయే 75 సెకన్లు. తిరిగి పరుగెత్తి రావడానికి, హీలర్ మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) నింపుకోవడానికి, శత్రువులను మొదటి నుంచి కొట్టడానికి ఇంకో 75 సెకన్లు వేసుకుంటే నష్టం 150 సెకన్లు.

కలిపి లాగడం వల్ల 40 సెకన్లు మిగులుతాయనుకుందాం. అప్పుడు ఆ పుల్ (శత్రువులను మీదకు లాగి చేసే ఒక విడత పోరాటం) సుమారు నూటికి 79 సార్లు నెగ్గితేనే లాభనష్టాలు సమానమవుతాయి. అంతకంటే తక్కువ నమ్మకం ఉన్న పుల్‌ను లాగడం గడియారానికి ఎదురీదడమే. మరణానికి 5 సెకన్లే పోయే చిన్న కీలో ఇదే లెక్క 71 దగ్గర తేలుతుంది. కనుక చిన్న కీలలో అలవాటైన ధైర్యాన్ని పెద్ద కీలలోకి యథాతథంగా మోసుకెళ్లకూడదు. పైగా ఓడిన పుల్‌లో ఖర్చయిన పెద్ద కూల్‌డౌన్లు (ఒకసారి వాడాక కొంతసేపు మళ్లీ దొరకని నైపుణ్యాలు) తర్వాతి పుల్‌కు అందుబాటులో ఉండవు. ఈ నష్టం గడియారంలో కనిపించదు గానీ, వరుసగా రెండోసారి జట్టు కూలడానికి చాలాసార్లు ఇదే కారణమవుతుంది.

రెండో దశ: గుంపును సంఖ్యతో కాకుండా స్వభావంతో చదవండి

పుల్ ఎంత పెద్దది అన్నది రెండో ప్రశ్న. అందులో ఎటువంటి ప్రమాదాలు ఉన్నాయి, వాటిలో ప్రతిదానికీ జట్టు దగ్గర సమాధానం ఉందా అన్నది మొదటి ప్రశ్న. ఎనిమిది మంది మామూలు కత్తి సైనికులు కలిసి ఉన్న పుల్ ఒక్కోసారి ఇద్దరు మాంత్రికులున్న పుల్ కంటే సులువుగా ఉంటుంది.

శత్రువులను మూడు రకాలుగా విడదీసి చూడండి. మొదటి రకం ట్యాంక్‌ను మాత్రమే కొట్టేవారు. వీరి ప్రమాదం మీ చేతిలో ఉంటుంది, మీ కూల్‌డౌన్లతో సరిపెట్టవచ్చు. రెండో రకం ఆపడానికి వీల్లేని విధంగా జట్టంతటినీ ఒకేసారి దెబ్బతీసేవారు. వీరి ప్రమాదం హీలర్ భుజాన పడుతుంది. మూడో రకం మంత్రాలు జపించేవారు. ఇంటరప్ట్ చేయకపోతే (మంత్రాన్ని మధ్యలోనే ఆపకపోతే) వీరు ఒకరిని చంపుతారు, లేదా తమవారికి నయం చేస్తారు. ద నెక్రోటిక్ వేక్ డంజన్‌నే తీసుకుంటే, ఆరంభంలో వచ్చే ప్యాచ్‌వర్క్ సోల్జర్ మొదటి రకం. అదే చోట ఉండే కార్ప్స్ హార్వెస్టర్ ఒక ఆటగాణ్ణి పట్టుకుని డ్రెయిన్ ఫ్లూయిడ్స్ అనే మంత్రం సాగిస్తుంది కనుక మూడో రకం. మరికాస్త ముందుకు వెళ్లాక ఎదురయ్యే జోల్రామస్ బోన్‌మెండర్ తన పక్షాన్ని బాగుచేస్తుంది కనుక అదీ మూడో రకమే. సోల్జర్ల గుంపుకు ఇంకో సోల్జర్‌ను కలపడం పెద్ద విషయం కాదు. ఇద్దరు హార్వెస్టర్లున్న చోట మూడోదాన్ని కలపడం వేరే లెక్క.

ఒకే రకం ప్రమాదాన్ని రెట్టింపు చేసే కలయికకు దూరంగా ఉండండి, వేర్వేరు రకాలను జతచేసే కలయికను ఎంచుకోండి. ట్యాంక్‌ను కొట్టే గుంపుతో ఒక్క మాంత్రికుడున్న గుంపును కలిపితే మీ రక్షణ, జట్టు ఇంటరప్ట్‌లు రెండూ వృథా కాకుండా పని చేస్తాయి. మిథిక్ డంజన్ టూల్స్ అనే యాడాన్‌లో (ఆటకు జోడించుకునే చిన్న ప్రోగ్రామ్‌లో) పటం మీద గుంపులన్నీ, ఒక్కొక్కటి ఇచ్చే శాతం కనిపిస్తాయి. కీ మొదలుపెట్టకముందే పుల్‌లను గీసి, ప్రతిదాని పక్కన పై మూడు రకాల్లో ఏది ఎంత ఉందో మనసులో గుర్తు పెట్టుకోండి. నూరు శాతం దాటిన శత్రువులను చంపడం వల్ల వచ్చేదేమీ లేదు కాబట్టి ఎక్కువ వచ్చే చోట కష్టమైన గుంపునే తీసేయండి.

మూడో దశ: కూల్‌డౌన్లను పుల్‌లకు ముందే పంచండి

ప్రొటెక్షన్ వారియర్ చేతిలో షీల్డ్ వాల్ 8 సెకన్ల పాటు వచ్చే దెబ్బను 40 శాతం తగ్గిస్తుంది. డీమొరలైజింగ్ షౌట్ 8 సెకన్ల పాటు చుట్టూ ఉన్న శత్రువులు మీకు చేసే నష్టాన్ని 20 శాతం తగ్గిస్తుంది. ఈ రెంటినీ ఒకేసారి నొక్కితే 60 శాతం తగ్గుతుందనుకోవడం తప్పు. 100 దెబ్బ మొదట 60 అవుతుంది, అందులో 20 శాతం పోగా 48 మిగులుతుంది, అంటే తగ్గింది 52 శాతమే. ఒకటి అయిపోయాక మరొకటి వాడితే 16 సెకన్ల రక్షణ వస్తుంది. రెండూ కలిపి వాడితే 8 సెకన్లే. ప్రాణం తీయగల ఒక్క దెబ్బను కాచుకోవాల్సినప్పుడు తప్ప పెద్ద రక్షణలను ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఇప్పుడు పుల్‌ల జాబితా తీసి, ఒక్కో పెద్ద పుల్‌కు ఏ రక్షణతో మొదలవుతుంది, ఏ రక్షణతో ముగుస్తుంది అని కేటాయించండి. కేటాయించడానికి ఏమీ మిగలని పుల్ ఉంటే దాన్ని చిన్నది చేయండి, లేదా కూల్‌డౌన్ తిరిగి వచ్చేలా మధ్యలో ఒక చిన్న గుంపును పెట్టండి. బ్లడ్‌లస్ట్ (జట్టంతటి దాడి వేగాన్నీ పెంచే మంత్రం) 40 సెకన్లు పని చేసి, ఆ తర్వాత 10 నిమిషాల దాకా మళ్లీ దొరకదు. జట్టు దాన్ని ఎక్కడ వాడుతుందో ముందే మాట్లాడుకోండి. లస్ట్ ఉన్న పుల్ త్వరగా ముగుస్తుంది కనుక అక్కడ మామూలు కంటే పెద్ద ప్రమాదం తీసుకోవడం తెలివైన పనే. అయిదుగురిలో ఎవరు పడిపోయినా పోరాటం మధ్యలో లేపే అవకాశం కూడా జట్టుకు ఒక్కసారి మాత్రమే ఉండి, 10 నిమిషాలకు ఒకటి చొప్పున తిరిగి వస్తుంది. అది చేతిలో ఉందా లేదా అన్నది తర్వాతి పుల్ పరిమాణాన్ని నిర్ణయించే ముఖ్యమైన అంశం.

నాలుగో దశ: పుల్‌లోని మొదటి 10 సెకన్లు

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ట్యాంక్ మరణాల్లో ఎక్కువ భాగం పుల్ మొదట్లోనే జరుగుతాయి, దానికి కారణాలు స్పష్టం. శత్రువులందరూ అప్పుడు బతికే ఉంటారు కాబట్టి వచ్చే దెబ్బ గరిష్ఠంగా ఉంటుంది. వారియర్ రేజ్ (నైపుణ్యాలకు ఖర్చయ్యే శక్తి) అప్పటికి సున్నాకు దగ్గరగా ఉంటుంది. బ్లడ్ డెత్ నైట్‌కు బోన్ షీల్డ్ పొరలు ఇంకా పేరుకోవు. హీలర్ మీ వెనుక పరుగెత్తుకుంటూ వస్తూ మంత్రం జపించలేని స్థితిలో ఉంటారు. దెబ్బ ఎక్కువ, కాచుకునే శక్తి తక్కువ అన్న పరిస్థితి ఇంత తీవ్రంగా పుల్‌లో మరెక్కడా ఉండదు.

కాబట్టి పెద్ద రక్షణను ఆరోగ్యం 30 శాతానికి పడిపోయాక నొక్కడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. శత్రువుల మధ్యకు చేరగానే నొక్కండి. వారియర్‌గా ఒక పెద్ద పుల్ ఇలా సాగాలి. రేజ్ మిగిలి ఉంటే గుంపు వైపు పరుగెడుతూ షీల్డ్ బ్లాక్ వేయండి. ఛార్జ్‌తో చేరుకోండి, అది కాస్త రేజ్ కూడా ఇస్తుంది. చేరగానే థండర్ క్లాప్‌తో అందరినీ ఒకసారి తాకండి, ఆ వెంటనే షీల్డ్ వాల్ వేయండి. ఆ 8 సెకన్లలో వచ్చిన రేజ్‌ను, దెబ్బలో కొంత పీల్చుకునే ఇగ్నోర్ పెయిన్‌కు మళ్లించండి. షీల్డ్ వాల్ చివరి సెకనులో డీమొరలైజింగ్ షౌట్ పడాలి. అది ముగిసే వేళకు షాక్‌వేవ్‌తో గుంపును కాసేపు స్తంభింపజేస్తే హీలర్‌కు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇంకా గుంపు బలంగానే ఉంటే, గరిష్ఠ ఆరోగ్యాన్ని 30 శాతం పెంచే లాస్ట్ స్టాండ్ అప్పటికి మీ చేతిలో మిగిలే ఉంటుంది.

షీల్డ్ బ్లాక్ ఆపేది భౌతికమైన కొట్లాట దెబ్బలను మాత్రమేనని మరచిపోవద్దు. మంత్ర నష్టం ఎక్కువగా ఉన్న గుంపుకు స్పెల్ రిఫ్లెక్షన్‌ను సిద్ధంగా ఉంచండి. బ్లడ్ డెత్ నైట్ ఆడేవారికి ఇంకో మాట. డెత్ స్ట్రైక్ గత 5 సెకన్లలో మీకు తగిలిన దెబ్బను బట్టి నయం చేస్తుంది కనుక నిండు ఆరోగ్యం మీద దాన్ని వరుసగా వాడితే రూనిక్ పవర్ (దానికి ఖర్చయ్యే శక్తి) వృథా అవుతుంది, పెద్ద దెబ్బ తగిలిన క్షణానికి చేయి ఖాళీగా ఉంటుంది.

మొదటి 10 సెకన్లలో రెండో ప్రమాదం థ్రెట్, అంటే శత్రువు ఎవరి మీదకు వెళ్లాలో నిర్ణయించే కొలత. హీలర్ చేసే ప్రతి చికిత్సా పోరాటంలో ఉన్న శత్రువులందరి మీదా థ్రెట్ పుట్టిస్తుంది. మీరు ఒక్కసారి కూడా తాకని శత్రువు నేరుగా హీలర్ దగ్గరికి వెళ్తాడు. అందువల్ల రెండో గుంపును కలుపుకుంటున్నప్పుడు దాని పక్క నుంచి నడిచి వెళ్తే సరిపోదు, ప్రతి శత్రువుకూ కనీసం ఒక దెబ్బ తగలాలి. తమ థ్రెట్‌ను ఇంకొకరికి మళ్లించే హంటర్ మిస్‌డైరెక్షన్, రోగ్ ట్రిక్స్ ఆఫ్ ద ట్రేడ్ మీ మీద పడేలా చూసుకోమని పుల్‌కు ముందే అడగండి. టాంట్‌ను (శత్రువును మీ వైపు తిప్పే నైపుణ్యాన్ని) అలవాటుగా మొదట్లోనే వాడేయకండి. దానికి 8 సెకన్ల కూల్‌డౌన్ ఉంది, తప్పిపోయిన ఒక్క శత్రువును వెనక్కి తేవడానికి అది చేతిలో ఉండాలి.

మన ప్రాంతం నుంచి ఆడేవారికి మరో చిక్కు ఉంది. ఈ ఆటకు భారత్‌లో సర్వర్ లేదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని యూరప్ సర్వర్లలో, లేదా అంతకంటే దూరపు సర్వర్లలో ఆడుతున్నప్పుడు మీరు తెర మీద చూసే ఆరోగ్యం సెకనులో కొంత భాగం పాతది. దెబ్బను చూసి స్పందించే పద్ధతి దగ్గరి ఆటగాడికే కష్టం, మనకు ఇంకా కష్టం. ఆట ఒక మంత్రం పూర్తి కావడానికి 400 మిల్లీసెకన్ల ముందు నుంచే తర్వాతి మీటను క్యూలో పెట్టుకుంటుంది కనుక దాడులను కాస్త ముందుగా నొక్కడం అలవాటు చేసుకోండి. రక్షణలను ఆరోగ్యాన్ని బట్టి కాకుండా శత్రువు చేయబోయే పనిని బట్టి ముందుగానే వేయండి.

అయిదో దశ: నిలబడే చోటు

వెనుక నుంచి పడే దెబ్బను ఆటగాడు తప్పుకోలేడు, ఆయుధంతో అడ్డగించలేడు, డాలుతో ఆపలేడు. శత్రువులు ఎల్లప్పుడూ మీ ముందు ఉండాలనే నియమానికి కారణం అదే. గుంపును చేరాక అందులోంచి అవతలికి దూసుకుపోయి వెనక్కి తిరిగి నిలబడే అలవాటు చూడటానికి బాగున్నా, ఆ రెండు సెకన్లలో మీ డాలు ఉన్నా లేనట్టే. చుట్టుముట్టినట్టు కనిపిస్తే నెమ్మదిగా వెనక్కి జరగండి, అందరూ మీ ముందుకు వస్తారు. శత్రువు తన ముందు వైపు విసిరే దెబ్బలు జట్టు మీద పడకుండా అతన్ని అవతలికి తిప్పి ఉంచండి. చోటు మారాల్సి వస్తే చిన్న అడుగులతో ఒకే దిశలో కదలండి. ఊరికే గిరగిర తిరిగే ట్యాంక్ వెనుక డీపీఎస్ దెబ్బలు సగం గాలిలోనే పోతాయి.

దూరం నుంచి మంత్రాలు వేసేవారు మీ దగ్గరకు రారు. వారిని తేవడానికి ఒక గోడ చాటుకు వెళ్లండి. వారికి మీరు కనిపించకపోతే నడిచి వస్తారు. ఇంటరప్ట్ చేసినా కొద్ది సెకన్లు మంత్రం వేయలేక దగ్గరకు వస్తారు. పాలడిన్‌కు అవెంజర్స్ షీల్డ్, డెత్ నైట్‌కు డెత్ గ్రిప్, డీమన్ హంటర్‌కు సిజిల్ ఆఫ్ చెయిన్స్ ఈ పనికి చక్కగా ఉపయోగపడతాయి.

ఆరో దశ: ఇంటరప్ట్‌ల లెక్క

ట్యాంక్‌లందరి ఇంటరప్ట్‌కూ 15 సెకన్ల కూల్‌డౌన్ ఉంటుంది. హంటర్ కౌంటర్ షాట్‌కు 24 సెకన్లు. చాలామంది హీలర్లకు ఇంటరప్ట్ ఉండదు, షామన్‌కు ఉంటుంది. కాబట్టి మీ జట్టుకు సాధారణంగా నాలుగు ఇంటరప్ట్‌లుంటాయి, అవి ఒక చుట్టు తిరిగి రావడానికి పావు నిమిషం పైనే పడుతుంది. పుల్‌లో తప్పనిసరిగా ఆపాల్సిన మంత్రాలు ఆ వ్యవధిలో నాలుగుకు మించి వస్తే ఏదో ఒకటి తప్పిపోవడం ఖాయం. దాన్ని లాగే ముందే తెలుసుకోవచ్చు. ఒక మాంత్రికుడికి గుర్తు పెట్టి దాన్ని మీరే చూసుకుంటానని చెప్పండి, రెండోదానికి మరో గుర్తు పెట్టి ఒకరికి అప్పగించండి. ముగ్గురు ఒకే మంత్రాన్ని ఆపి, తర్వాతి మంత్రానికి ఎవరూ లేకపోవడం తెలియని వారితో ఆడేటప్పుడు మామూలుగా జరిగేదే. రెండు వాక్యాల ముందస్తు ఒప్పందంతో అది చాలావరకు తగ్గుతుంది.

ఏడో దశ: పుల్ చేయి జారుతున్నప్పుడు

అనుకోని గుంపు వచ్చి చేరిందనుకుందాం. మొదట చూడాల్సింది మీ ఆరోగ్యాన్ని కాదు, మీ దగ్గర ఏ రక్షణ మిగిలిందన్నది, హీలర్ మానా ఎంత ఉందన్నది. రెండూ ఉంటే నిలబడి పోరాడండి. రక్షణ లేకపోతే పరుగెత్తండి. కొట్లాట శత్రువులు మిమ్మల్ని అందుకోలేకుండా తరుముతున్నంతసేపూ కొట్టలేరు. జట్టులో ఎవరైనా వారిని నెమ్మదింపజేస్తే ఒక కూల్‌డౌన్ తిరిగి వచ్చేదాకా గడపవచ్చు. పరుగు దిశ మాత్రం ఇప్పటికే శుభ్రం చేసిన దారి వైపే ఉండాలి.

ఇద్దరు డీపీఎస్ పడిపోయి, లేపే అవకాశం కూడా అయిపోయి, శత్రువులు సగానికి పైగా బతికి ఉంటే ఆ పుల్ ముగిసినట్టే. చివరి కూల్‌డౌన్ల కోసం తడుముకుంటూ ఇంకో నిమిషం లాగడం వల్ల ఆ నిమిషం పోతుంది, ఆ కూల్‌డౌన్లూ పోతాయి. త్వరగా వదిలేసి తిరిగి రావడమే నయమని జట్టుకు స్పష్టంగా చెప్పండి. తిరిగి వచ్చాక అదే పుల్‌ను అదే పరిమాణంలో మళ్లీ లాగాలంటే, మొదటిసారి విఫలమైన కారణం ఈసారి ఎందుకు ఉండదో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని రెండుగా విడగొట్టండి.

ఎనిమిదో దశ: బాస్‌లు

బాస్‌ల దగ్గర ట్యాంక్ పని ఒక విధంగా తేలిక. దెబ్బలు ఒక వరుసలో వస్తాయి, ఆ వరుస నేర్చుకోవచ్చు. ద నెక్రోటిక్ వేక్ మొదటి బాస్ బ్లైట్‌బోన్ క్రంచ్ అనే దెబ్బతో ట్యాంక్‌నే లక్ష్యంగా చేసుకుంటుంది. అది జపం మొదలుపెట్టినప్పుడు షీల్డ్ బ్లాక్ ఉండి తీరాలి. ప్రతి బాస్‌కూ ఇటువంటి ట్యాంక్ దెబ్బ ఏదో ముందే తెలుసుకుని, మొదటిదానికి ఒక రక్షణ, రెండోదానికి మరొకటి అని వరుస రాసుకోండి. బాస్ గదిలో మిగిలిన గుంపులను బాస్‌తో కలిపి లాగడం మాత్రం మీ దగ్గర లస్ట్, పెద్ద రక్షణ రెండూ ఉన్నప్పుడే చేయండి.

తొమ్మిదో దశ: సగం దారిలో మళ్లీ లెక్క

రెండో బాస్ పడిపోగానే గడియారాన్ని, శాతాన్ని చూసి ప్రణాళికను తిరగరాయండి. మూడు నిమిషాలు ముందున్న జట్టుకు పెద్ద పుల్ అవసరమే లేదు. మొదట్లో గీసిన పెద్ద పుల్‌ను అప్పుడు రెండుగా చేయడం పిరికితనం కాదు. మిగిలిన సమయాన్ని భద్రత కోసం ఖర్చు చేయడం అది. ఒక నిమిషం వెనుకబడిన జట్టుకు పరిస్థితి తలకిందులవుతుంది. అప్పుడు చిన్న పుల్‌లతో సాగితే ఓటమి ఎలాగూ ఖాయం కనుక నూటికి 60 సార్లు నెగ్గే పుల్ కూడా సరైన నిర్ణయమే. గడువులో పూర్తికాని కీ సాధారణంగా ఒక స్థాయి దిగుతుంది, గడువు దాటి ఒక్క సెకను పోయినా ఐదు నిమిషాలు పోయినా అంతే. వెనుకబడ్డామని మీకు తెలిసినప్పుడు ఆ విషయం జట్టుకూ చెప్పండి. పెద్ద పుల్ ఎందుకు వస్తోందో తెలిసిన హీలర్ తన కూల్‌డౌన్‌ను దానికోసం దాచి ఉంచుతారు.

పదో దశ: కీ ముగిశాక

మరణాల నివేదిక తెరిచి, మీ ప్రతి మరణానికీ ముందు ఏ దెబ్బలు పడ్డాయో, ఆ క్షణంలో మీ మీద ఏ రక్షణ ఉందో, ఏది వాడకుండా మిగిలిపోయిందో చూడండి. పెద్ద కూల్‌డౌన్ చేతిలో ఉండగానే చనిపోయి ఉంటే అది నాలుగో దశకు సంబంధించిన లోపం, దాన్ని ఆ పుల్ ఆరంభానికి కేటాయించండి. అన్నీ వాడేశాక చనిపోయి ఉంటే లోపం మూడో దశలో ఉంది, పుల్ చిన్నది కావాలి లేదా ముందు పుల్‌లో ఒక రక్షణను ఆదా చేయాలి. మంత్రం వల్ల డీపీఎస్ చనిపోయి ఉంటే ఆ పుల్‌లోని మాంత్రికుల సంఖ్యను మళ్లీ లెక్కపెట్టండి. ఈ మూడింటిలో ఏది జరిగిందో పటం మీద ఆ పుల్ పక్కన రాసుకుని, అదే డంజన్‌కు తర్వాతి వారం వెళ్లే ముందు ఆ పుల్‌ను మార్చి గీయండి.